మా ఆవిడ గౌరవం

“‘కాన్పు’ కూడా కొట్టేస్తున్నాను డాక్టరుగారూ,” అన్నాడు కాలనీ సంఘం ప్రెసిడెంటు, పెన్ను మూత తీస్తూ. “బ్యానరు మీద బాగోదు. ఆడవాళ్ళు చదువుతారు.”

“మీటింగు ఆడవాళ్ళకేగా,” అంది డాక్టరమ్మ.

“అందుకే చెబుతున్నాను.”

కాన్పులో అయిన గాయాల వల్ల మూత్రం ఆగని ఆడవాళ్ళకు వైద్యం ఉందని చెప్పడానికి వచ్చిందావిడ. ‘మూత్రం’ టీ రాకముందే పోయింది. ‘గాయాలు’ భయపెడతాయని పోయాయి. ఇప్పుడు ‘కాన్పు’ కూడా పోయాక, బ్యానరులో ‘స్వాగతం’ ఒక్కటే క్షేమంగా మిగిలింది.

ప్రెసిడెంటు భార్య టీ తెచ్చి, కప్పులందించి, గోడవారగా నిలబడింది.

“కూర్చోండమ్మా,” అంది డాక్టరమ్మ.

“మీరెంత చెప్పినా కూర్చోదండీ.” ప్రెసిడెంటు మీసం సవరించుకున్నాడు. “మా పెద్దాడు పుట్టాక సోఫా ఎక్కి ఎరగదు. ఎవరింటికెళ్ళినా నిలబడే ఉంటుంది. మొగుడంటే అంత గౌరవం. ఈ రోజుల్లో ఎక్కడుంది చెప్పండి?”

డాక్టరమ్మ కప్పు కింద పెట్టింది. “వాడు పుట్టకముందు కూర్చునేవారా?”

“ఆఁ, కూర్చునేది. అప్పట్లో ఇంకా...” అప్పట్లో ఇంకా ఏమిటో ఆయనకే తోచలేదు.

భార్య ఖాళీ ట్రే వైపు చూస్తూ అంది. “తడి అంటుతుందని, డాక్టరుగారూ. ఆ కాన్పప్పటి నుంచీ ఆగడం లేదు.”

ఈ ‘కాన్పు’ను కొట్టెయ్యడానికి ప్రెసిడెంటు చేతిలో పెన్ను పనికిరాలేదు.

“దీనికి వైద్యం ఉంది తల్లీ. ముందు కూర్చో,” డాక్టరమ్మ పక్కకు జరిగింది.

ఆవిడ సోఫాలో కూర్చుంది. ప్రెసిడెంటు లేచి నిలబడ్డాడు.

అది గౌరవమేనా అని ఎవరూ అడగలేదు.