బెండ మడి

ఇమామ్ మొదటి దెబ్బ బెండ చెట్ల మీద వేశాడు. రెండో దెబ్బ నర్సింలు మీద పడింది.

పార కర్ర భుజానికి తగిలి నర్సింలు మడిలోనే బోర్లా పడ్డాడు. వంట దగ్గరున్న అతని పెళ్ళాం గౌరవ్వ గరిటె పారేసి పరిగెత్తింది. ఆమె వచ్చేసరికి సొర పందిరి కూలిపోయింది. గోంగూర మొదళ్ళతో సహా ఇసుకలో కలిసిపోయింది. ఇమామ్ ఇంకా కొడుతూనే ఉన్నాడు.

ఏమైందిరా నీకు అంటూ ఆమె అతని చెయ్యి పట్టుకుంది. అతను విదిలించుకున్నాడు.

"పొద్దున బెండకాయ, మాపటికి బెండకాయ. సొరకాయ అయిపోతే దాని పొట్టు పచ్చడి, పొట్టు అయిపోతే గింజల పొడి. జైల్లో గూడా ఇంతకన్నా మేలైన కూడు పెడతారక్కా."

ఖతార్ ఎండకు పచ్చనిదంతా మాడిపోయే ఆ జూలైలో, ఖర్జూరపు చెట్ల వరసల మధ్య యజమాని అయిన కఫీల్ వాడుకోమన్న రవ్వంత నేలను గౌరవ్వ ఏసీల కింద కారే నీళ్ళు డబ్బాలతో మోసి బతికించింది. మిగిలిన కాయలు తరిగి రేకుల కప్పు మీద ఒరుగులు ఎండబెట్టింది. ఆ మడి ఉండబట్టే ముగ్గురూ మార్కెట్ మొహం చూడకుండా కడుపు నింపుకుంటున్నారు. ఇమామ్ ఆమెకు చుట్టం కాదు. ఆ ఖర్జూరపు తోటలోనే, అదే మజ్రాలో పని చేసే కడప మనిషి. అయినా మొదటి ముద్ద అతనికే వడ్డించేది.

నర్సింలు లేచాడు. లేస్తూనే ఇమామ్ మూతి మీద గుద్దాడు. పెదవి చిట్లింది. ఇద్దరూ కలబడి మిరప చెట్ల మీద పడి దొర్లారు. ఒకడి గొంతు ఒకడి చేతిలో ఉంది. గౌరవ్వ వెనక నుంచి ఇమామ్ చొక్కా పట్టి గుంజితే చొక్కా చిరిగి ఒక ముక్క ఆమె చేతిలోకి వచ్చింది.

కేకలకు తోటలోని పనివాళ్ళు వచ్చి ఇద్దరినీ విడదీశారు. వాళ్ళ వెనకే సూపర్‌వైజర్ బుర్హానుద్దీన్ వచ్చాడు. ఆ మజ్రాలో కొట్లాటకు ఒకటే శిక్ష. కఫీల్ పోలీసులను గేటు లోపలికి రానివ్వడు, చెయ్యి చేసుకున్నవాడి వీసా క్యాన్సిల్ చేయించి విమానం ఎక్కిస్తాడు. బుర్హానుద్దీన్ విరిగిన చెట్లనూ, నర్సింలు ముక్కు నుంచి కారుతున్న రక్తాన్నీ చూసి, ఇమామ్‌ను సామాను సర్దుకోమన్నాడు.

తన కూర వల్ల ఒక మనిషి నోటి దగ్గర కూడు పోతున్నదని గౌరవ్వకు భయమేసింది. మొగుడి ముక్కు తుడవడం కూడా మరిచి బుర్హానుద్దీన్ కాళ్ళ మీద పడింది.

"మాఫ్ జెయ్యుండ్రి సారు. కూర కాడ మాట మాట పెరిగింది, గంతే. తమ్ముడసొంటోడు. మేం ఏం అనుకుంటలేం."

బుర్హానుద్దీన్ వెంటనే ఒప్పుకోలేదు. ఆమె లేవలేదు. ఖర్జూరం కోతలు మొదలయ్యాయి, చెట్టెక్కే మనిషి పోతే అతనికీ కష్టమే. చివరికి ఈసారికి మాఫీ అన్నాడు. ఇద్దరినీ చేతులు కలపమన్నాడు.

గౌరవ్వకు ప్రాణం లేచి వచ్చింది. బావ కాళ్ళు మొక్కరా అంటూ ఇమామ్‌ను ముందుకు నెట్టింది. ఇమామ్ కదల్లేదు. నర్సింలు వైపే చూస్తూ నిలబడ్డాడు. నర్సింలు నోట్లోని రక్తం ఉమ్మి, ఇమామ్ తల్లిని పట్టుకుని ఒక బూతు తిట్టాడు. అంత పాడు మాట మొగుడి నోట గౌరవ్వ ఎన్నడూ వినలేదు.

ఇమామ్ వంగి పార అందుకున్నాడు. నర్సింలు మొహానికి అడ్డం పెట్టుకున్న చేతి మీద కర్ర పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

"ఖల్లాస్," అన్నాడు బుర్హానుద్దీన్. "యల్లా, బండెక్కు."

ఎండ తగ్గకముందే పికప్ వచ్చింది. ఇమామ్ చిరిగిన చొక్కాతోనే, చంకలో సంచితో వెళ్ళి ఎక్కబోయాడు. గౌరవ్వ దోసెడు ఇసుక తీసి అతని మొహాన కొట్టింది.

"నీ సావు కబురన్న నా చెవుల వడొద్దు."

ఇమామ్ కళ్ళు తుడుచుకున్నాడు. చంకలో సంచి సర్దుకుని ఎక్కి కూర్చున్నాడు. బండి వెళ్ళిపోయింది.

గౌరవ్వ చీర చెరగు చించి, ఖర్జూరపు మట్ట ముక్కలు ఆనించి మొగుడి చేతికి కట్టు కట్టింది. డాక్టరు దగ్గరికి తీసుకుపోయే బండి ఇంకా రాలేదు. అంతవరకూ ఊరికే కూర్చోలేక, మడిలో పడి ఉన్న బెండకాయలు ఏరడం మొదలుపెట్టింది. లేతవి వేపుడుకు, ముదిరినవి ఒరుగులకు. ఇసుక దులుపుతూ, ఏడుస్తూ, ఇమామ్‌ను తిడుతూ ఏరింది.

నర్సింలు చెట్టుకు ఒరిగి, బండి రేపిన దుమ్ము అణిగేదాకా బాట వైపే చూశాడు. తర్వాత మెల్లగా నవ్వాడు. నొప్పికి మొహం వంకర పోయినా నవ్వు ఆపలేదు.

"చెయ్యి ఇరగ్గొట్టి పోయిండు, నవ్వెట్ల వస్తున్నదయ్యా నీకు," అంది గౌరవ్వ.

"ఒక్క దెబ్బతోని అయిపోయేది. నువ్వు మాఫీ ఇప్పిచ్చి మొత్తం చెడగొట్టబోతివి," అన్నాడు నర్సింలు. "ఇంటికి పోయొస్తనని నాలుగేండ్ల సంది మొక్కుతనే ఉండె వాడు. ఈడ సెలవు అడిగినోన్ని పంపరు, కొట్టినోన్ని పంపుతరు."