రెండో వర్షిణి

"ప్లేటుంది, అన్నమేదక్కా? రెండింటికి పరీక్ష నాకు!" మెస్‌లో నిలబడి అడిగింది వర్షిణి.

"ఈయప్ప కంప్యూటర్ లిస్టు చూసి వండినాను. దాంట్లో వర్షిణి ఒకతే ఉండాది. ఆయమ్మి తినేసి పోయింది," అంది మెస్ నడిపే సొన్నమ్మ, నన్ను చూపిస్తూ.

డేటాబేస్ ప్రాజెక్టు పేరుతో ఈ మెస్‌ను ఉద్ధరించడానికి పూనుకున్నది నేనే.

"మనిషికి గుర్తుగా పేరే పెట్టాను. ఒకే పేరు రెండోసారి రాస్తే డేటాబేస్ ఒప్పుకోలేదక్కా. పొరపాటనుకుని తీసేశాను."

"పొరపాటు కాదు, నేను," అంది వర్షిణి.

సొన్నమ్మ నిట్టూర్చింది. "పేర్లు కలుస్తాయప్పా. అందుకే గదా మనిషికొక ప్లేటు పెట్టి, ప్లేటుకొక నంబరు కొట్టించినాను!"

మనిషికొకటే ఉండే ఆ గుర్తునే ప్రైమరీ కీ అంటారని మా మేడమ్ సెమిస్టరంతా చెప్పింది. నోట్సులో దాని కింద రెండు గీతలు కూడా గీశాను.

నేనింకా చెయ్యి పెట్టని అన్నాన్ని సొన్నమ్మ వర్షిణి ప్లేటులోకి వంచేసింది. ఖాళీ అయిన నా ప్లేటు మధ్యలో పదిహేడు అని కనిపించింది.

రెండేళ్ళుగా దాని మీదే సాంబారు పోసుకుని తింటున్నాను.