యాభై పాయింట్ల తేడా

"వద్దు పెద్దాయనా! ఇంకేదైనా చెయ్యండి గానీ పైన్‌హిల్ జట్టు మీద మాత్రం పందెం కాయొద్దు," అన్నాడు డెల్బర్ట్, మైకు మీదికి వంగి.

"అడిగానంతేనండీ. మా పైన్‌హిల్ మీద కాస్తే ఎలా ఉంటుందని," అంది ఫోన్లో ముసలి గొంతు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి అమెరికాలోని అలబామాలో ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా డెల్బర్ట్ రేడియో ప్రోగ్రామే మోగుతుంది. మధ్యాహ్నం జరిగే కాలేజీ ఫుట్‌బాల్ ఆటల్లో ఎవరి మీద కాయాలో చెబుతాడు. తను మాత్రం ఒక్క సెంటు కాయడు. చర్చిలో డీకన్, అంటే సంఘ పెద్ద మరి. చెప్పడం వేరు, కాయడం వేరు అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. మనసు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

పది వారాలుగా అతని మాట తప్పలేదు. ఈ వారం కూడా నిలబడితే జనవరి నుంచి రోజూ గంటసేపు మైకు నీదేనని స్టేషన్ ఓనరమ్మ మాటిచ్చింది. అందుకే అన్నిటికన్నా తేలికైన ఆట ఎంచుకున్నాడు. మార్టన్ స్టేట్‌కీ పైన్‌హిల్ కాలేజీకీ పోటీ అంటే ఏనుగుకీ ఎలుకకీ పోటీ. మార్టన్ గెలుస్తుందా అని ఎవరూ అడగరు. ముప్పై తొమ్మిది పాయింట్లకి మించిన తేడాతో గెలుస్తుందా లేదా అన్నదే పందెం.

"గెలుస్తుంది. నా పేరు పెట్టి రాసుకోండి," అని ఊరందరికీ చెప్పేశాడు అప్పటికే.

"మా కుర్రాళ్లు మరీ అంత తీసికట్టా అండీ?"

"వాళ్లు ఆటకి రావడం లేదు పెద్దాయనా, చెక్కు కోసం వస్తున్నారు. వచ్చి ఓడిపోయి వెళ్లినందుకు మార్టన్ వాళ్లు డబ్బిస్తారు. దాంతో వీళ్లు మైదానంలో లైట్లు వేయించుకుంటారు. అందులో తప్పేం లేదు."

"మా కిక్కరు పోయినవారం బాగానే తన్నాడే?"

"ముప్పై గజాలు దాటితే వాడి బంతికి దారి తెలీదు."

"ముందు వరసలో ఆ లావుపాటి అబ్బాయి?"

"అది ఆటతో వచ్చిన లావు కాదండీ, భోజనంతో వచ్చింది. మార్టన్ వాళ్లు ఒక్క తోపు తోస్తే పీపాలా దొర్లుకుంటూ పోతాడు."

స్టూడియో అద్దం అవతల ఓనరమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. డెల్బర్ట్ మాత్రం నవ్వలేదు. పాపం, ఎవరింటి తాతో, పింఛను డబ్బు తగలేసుకునేలా ఉన్నాడు. నొప్పించైనా సరే ఆపాలి.

"పోనీ, బంతి విసిరే అబ్బాయి?"

"పాస్టరవుతాడట కదా. మంచిదే. ఇవాళ మధ్యాహ్నం వాడికి ప్రార్థనతో చాలా పనుంటుంది."

"కోచ్?"

"మంచివాడేనంటారు. కానీ గొర్రెల్ని తోలుకుంటూ పులి గుహకి వచ్చేవాణ్ణి కోచ్ అనరు."

"అయితే నలభై తేడా ఖాయమంటారు."

"యాభై! నా మాట తప్పితే మళ్లీ ఈ మైకు ముందు కూర్చోను." డెల్బర్ట్ గొంతు తగ్గించాడు. "ఆ డబ్బుతో మీ ఇంటావిడకి ఏదైనా కొనిపెట్టండి. పందెం కాయనని నాకు మాటివ్వండి."

"పందెమా? జన్మలో కాయలేదండీ నేను," అంది ఆ గొంతు తాపీగా. "ఆ గొర్రెల్ని తోలుకొస్తున్నవాణ్ణి నేనే. బస్సులో డెబ్బై మందిమీ మీ ప్రోగ్రామే వింటున్నాం. స్టేడియం చేరడానికి ఇంకో అరగంట ఉంది... ఆ లావుపాటి అబ్బాయి సంగతి ఇంకొక్కసారి చెబుతారా? వాడు లేచి నిలబడ్డాడు."