పాలగిన్నె పరీక్ష

ఇంటింటా మిక్సీతో పాటు లేజర్ కట్టర్ వెలిశాక, దాని లైసెన్సు పరీక్షలో పాలగిన్నె కూడా వచ్చి చేరింది: పాలు పొంగినా, నడుస్తున్న యంత్రాన్ని వదిలి కదలకూడదు. జాకెట్లు కుట్టి బతికే కాంతమణి ఆ పరీక్ష రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ గుడ్డ కోస్తున్న యంత్రాన్ని వదిలేసి పాల కోసం పరిగెత్తింది. ఈసారీ తప్పితే యంత్రాన్ని పట్టుకుపోతారు.

పరీక్ష పెట్టడానికి వచ్చిన రజియా తనే పొయ్యి మీద పాలు పెట్టి, వచ్చి యంత్రం పక్కన కూర్చుంది. కాంతమణి రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, పొగ లాగే ఫ్యాను వేసి, మీట నొక్కింది. లేజర్ నడుస్తోందని చెప్పే ఎర్రలైటు వెలిగింది. పట్టుగుడ్డ మీద జాకెట్టు మెడ గుండ్రంగా తెగుతుండగా, వంటింట్లో పాలు బుసబుసా పొంగిన చప్పుడు వినిపించింది.

"అయ్యో, పాలు!" అంటూ రజియానే లేచింది.

కాంతమణి చూపు తిప్పకుండా ఆమె చెయ్యి పట్టుకుంది.

"కూర్చోండమ్మా, ఎర్రలైటు ఇంకా ఆరలేదు."