తమ్ముడిలాంటోడివి

"మేనేజర్‌ను పిలువు!"

ఉమామహేశ్వర్ బల్ల చరిచిన చప్పుడుకు, నాచారంలోని ఆ చిన్న గేమ్ కంపెనీలో కీబోర్డులన్నీ ఆగిపోయాయి. షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, ఒంటి మీద ఫ్యాక్టరీ చొక్కా అలాగే ఉంది. ఆటలో మాటలు రాసేదీ, ఫిర్యాదులు వినేదీ సాయి ప్రియే. ఆమె లేచి నిలబడింది.

"మీ 'ఏడు కోటలు' ఆట మా హృషికేశ్ ఆడుతడు. ఇరవై రెండేండ్లోడు. ఇరవై రోజులాయె, ఇంట్ల ఎవ్వరితోని మాట్లాడతలేడు. కంచం పెడితే పెట్టినట్టే ఉంటది. వాళ్లమ్మ ఉప్పల్‌ల మొక్కని గుడి లేదు. అంతా మీ ఆట వల్లనే!"

ఇలాంటి తండ్రులు ఆమెకు కొత్త కాదు. "ఇద్దరు మగోళ్ల ప్రేమ సీన్ల గురించే కదా సార్? పోయిన నెలనే తీసేసినం. ఫికర్ జేయకుండ్రి."

"తీసేసిన్రనే గదమ్మా నేనొచ్చింది!"

సాయి ప్రియ కుర్చీ లాగి ఆయన ముందు వేసింది.

"మీ ఆటల ఆడపిల్లను ఇష్టపడేటోనికి ఐదుగురు పిల్లలున్నరు. మా వానికి ఉన్నది ఆ బొమ్మలల్ల డప్పు వీరన్న ఒక్కడే. ఆర్నెల్లు ప్రేమగ మాట్లాడినోడు, ఒక్కరోజుల 'నువ్వు నాకు తమ్ముడిలాంటోడివి' అంటున్నడు, వాని ఫోన్ల సూసిన. ఇదేం న్యాయం? ఆ ఒక్కణ్ని గూడ గుంజుకుంటరా?"

ఆ 'తమ్ముడు' మాట రాసింది సాయి ప్రియే. రాయనని మేనేజర్‌తో కొట్లాడి, ఓడిపోయి, ఏడ్చుకుంటూ రాసింది. ఆ కోపం ఇంకా చల్లారలేదు. ఇప్పుడు ఈయన అరుస్తుంటే ఆమెకు లోపల హాయిగానే ఉంది.

"ఒకనాడు 'నాన్నా, జర గిది సూడు' అని పిలిచి, వీరన్నను నాకు సూపిచ్చిండు," అన్నాడు ఉమామహేశ్వర్. "తన గురించి చెప్తున్నడని నాకప్పుడు తెల్వలే."

గొడవ విని మేనేజర్ మురళీధర్ గదిలోంచి వచ్చాడు.

"మమ్మల్నేం చేయమంటారండీ? ఎవరో తండ్రి మెయిల్ పెట్టాడు. కొడుకు పాడైపోతున్నాడట. కేసు పెడతానన్నాడు, టీవీవాళ్లను తెస్తానన్నాడు. ఈ ఆఫీసు మీద పది కుటుంబాలు బతుకుతున్నాయి."

"ఒక్కడు బెదిరిస్తే జడుసుకున్నరా? వానికి బుద్ధి లేదు సరే, మీ బుద్ధి యాడ బోయింది?"

"ఆయన బాధ ఆయనది..."

"ఏం బాధ? కొడుకును కూసోబెట్టి ఒక్క మాట అడిగిండా వాడు? నోటికొచ్చింది రాసి పారేసిండు. గట్లాంటోడు తండ్రెట్లయితడు?"

మురళీధర్‌కు ఓపిక నశించింది. "ఇంతకంటే నేనేం చెప్పలేను. ఆ పెద్దమనిషి తన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని సంతకం పెడితే, ఇవాళే పాత వీరన్నను పెట్టేస్తాను. పెట్టించుకు రండి చూద్దాం!"

ఉమామహేశ్వర్ జేబులోంచి పెన్ను తీశాడు.

"కాయిదం ఇయ్యమ్మా."

"మీరు రాస్తే చెల్లదు సార్," అంది సాయి ప్రియ జాలిగా. "ఆ మెయిల్ పెట్టినాయనే రాయాలె."

"పెట్టింది నేనే బిడ్డా."