మోటారు కొట్టంలో కూనలు

లారీ కింద పడి చచ్చిన కుక్కను మద్దిలేటి సాయంత్రమే చేను గట్టున పూడ్చాడు, మెడలో తను కట్టిన గజ్జెతో సహా. దాని నాలుగు కూనలు రుద్రవరం పొలంలోని మోటారు కొట్టంలో మిగిలాయి. ఇంకా కళ్లు తెరవలేదు.

సిరంజితో మేకపాలు తాపాడు. వేడినీళ్ల సీసా పక్కన పెట్టాడు. అయినా పొట్టలు ఉబ్బి, కూనలు ఒకటే అరుపు. ఏం చేయాలో తోచక, తలుపు గడియ పెట్టి కూర్చున్నాడు. కునుకు పట్టింది.

కునుకులో గజ్జె మోగింది. తర్వాత చాలాసేపు ఏదో నాకుతున్న చప్పుడు.

మెలకువ వచ్చేసరికి అరుపుల్లేవు. చచ్చాయేమోనని తడిమాడు. నాలుగూ వెచ్చగా నిద్రపోతున్నాయి. పొట్టలు మెత్తబడ్డాయి. కింద గోనెసంచి తడిసింది.

ఊళ్లో ఉన్న భార్య జ్యోత్స్నకు ఫోన్ చేసి చెప్పాడు.

"పాలు తాపితే అయిపాయనా, మొగోడా? తల్లి నాకితేనే అవి ఉచ్చ పోస్తాయి. లేకుంటే సచ్చిపోతాయి. తడిగుడ్డతో తుడిచినావా?"

"నేను తుడవలేదు."

"మరి ఎవురు తుడిచినారు?"

టార్చి వేశాడు. గడియ పెట్టినట్టే ఉంది. కూనల వీపుల మీద తడి నల్లమట్టి.

మద్దిలేటి గడియ తీశాడు. చీకటికి దండం పెట్టాడు.

"సల్లగుండు తల్లీ. పగలు నేను తుడుస్తా. రాత్రికి నువ్వు రా."