కొండకి అటొక పన్ను, ఇటొక పన్ను

కొండకి ఇవతలి మట్టిలో రాయైపోయిన ఎలుక పన్ను ఒకటి. అవతలి మట్టిలోనూ అదే జాతి ఎలుక పన్ను. కాబట్టి రెండు వైపుల మట్టి పొరలదీ ఒకే కాలమని నాన్న ఎప్పుడో తేల్చేశాడు. పాఠ్యపుస్తకాలు ఆ మాటే పట్టుకు వేలాడుతున్నాయి. నా ఉద్యోగమూ అంతే.

రెండూ సగం విరిగిన పళ్లే. అవతలి మ్యూజియం వాళ్లు ఇన్నాళ్లకి తమది పంపితే, ఇవాళ రెంటినీ మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెట్టాను.

“ఒకే జాతేగా?” అన్నాడు నాన్న, మీసం మీద చెయ్యేసి.

“నువ్వే చూడు నాన్నా.”

సూదిమొనతో ఒక ముక్కని రెండోదాని దగ్గరికి నెట్టాను. విరిగిన అంచు విరిగిన అంచులో వెళ్లి కూర్చుంది. వెంట్రుక దూరే సందు కూడా లేదు. రెండు ఎలుకలు కావు. ఒక్క ఎలుక, ఒక్క పన్ను.

నాన్న వంగి మైక్రోస్కోపులోకి చూశాడు.

“ఇక్కడి మట్టి కడిగిన జల్లెడే అక్కడికీ మోసుకెళ్లాం,” అన్నాడు. “సగం ముక్క దాని కన్నాల్లో ఇరుక్కుని మాతో వచ్చినట్టుంది, వెధవది.”

“మరి అక్కడి మట్టిది ఏ కాలం?”

“ఏమోనమ్మా.”

ఆయనే సూది తీసుకుని రెండు ముక్కల్నీ మళ్లీ విడదీశాడు.

“ఒకే జాతి. రాసుకో.”

రాశాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.